అగ్గిపెట్టెలో సోఫా

ఆ ఆదివారం పొద్దున చిట్టి పెట్టుకున్న పని ఒక్కటే. ముందుగది కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని, ఇక బయటివాళ్ల బట్టలు కూడా కుడతానని నలుగురికీ తెలియజేయడం. నలభై దాటినా అందరికీ చిట్టిగానే ఉండిపోయిన ఆమె, ఇన్నాళ్లూ పడగ్గదిలో మంచానికీ గోడకీ మధ్య ఒదిగి కుట్టింది. తనకంటూ ఒక వెలుతురు మూల దొరకడం ఇదే మొదలు.

తెలియజేసే పని ఆమె భర్త నెత్తిన వేసుకున్నారు. ఆయన లెక్కల మాస్టారు. ఇరుకు చోటుని కూడా విశాలంగా చూపించే, ఆయన కొత్తగా కొన్న వైడ్ యాంగిల్ లెన్సు నిమ్మకాయంత ఉంటుంది. పెద్ద లెన్సులు పెళ్లిళ్లకి, ఇది రోజువారీ బతుక్కి అని ఆయన సిద్ధాంతం. అందుకే టీ గ్లాసు మొదలు తలుపు గొళ్లెం దాకా దేన్నీ వదలడం లేదు. గది మూలకి వీపు ఆనించి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని ఫోటో తీశారు. నాలుగు గోడలూ వెనక్కి జరిగి దారి ఇచ్చినట్టు, మిషను ఎక్కడో మైదానంలో ఉన్నట్టు వచ్చింది. దాన్ని చుట్టాల గ్రూపులో పెట్టారు.

నిమిషంలో ఆయన అక్కగారు ఫోన్ చేసింది. ఈ ఇల్లు కొన్నప్పుడు కొలతలు విని, చూడకుండానే ఇది ఇల్లా అగ్గిపెట్టా అని అందరి ముందూ అడిగిన మనిషి.

"ఇంత హాలు పెట్టుకుని నాకు చెప్పలేదేరా?"

మాస్టారి పెదవుల దాకా లెన్సు మాట వచ్చింది. కానీ అక్క మెచ్చుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. "ఏదో, ఉన్నంతలో అక్కా" అన్నారు.

అక్కగారు పాత సోఫా మార్చేస్తోందట. బయటివాళ్లకి ఇవ్వడానికి మనసొప్పక, ఆ హాల్లో ఓ మూల పడి ఉంటుందని వ్యానులో పంపిస్తోందట. ఆయన సరేననేసి ఫోన్ పెట్టేశారు.

"కొలతలు అడిగారా?" అంది చిట్టి.

"అక్క మాటకి కొలతలేమిటి?"

"లెక్కలు చెప్పే మనిషి. టేపు నా మెళ్లోనే ఉంది కదండీ."

తప్పు దిద్దుకుందామని మాస్టారు ఇంట్లో ఉన్న పెట్టెలూ కుర్చీలూ బిందెలూ ముందుగదిలోకి చేరేసి, చోటు లేదని చూపించడానికి ఇంకో ఫోటో తీశారు. అదే మూల, అదే లెన్సు. ఇన్ని పెట్టినా ఇంకా బోసిగానే ఉందని, టీపాయ్ కూడా ఎక్కిస్తున్నానని అక్కగారు జవాబిచ్చింది.

చిట్టి మిషను మీద బట్ట కప్పి, మళ్లీ పడగ్గది వైపు చూసింది. ఆ చూపుకి మాస్టారు నీరుగారిపోయారు.

మధ్యాహ్నం వ్యాను వచ్చింది. ముగ్గురు మనుషులు సోఫాని మెట్లెక్కించి, నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా తిప్పి చూశారు. గుమ్మం లొంగలేదు. గడప దాకా తేవడమే తమ పని అని, సోఫానీ టీపాయ్‌నీ మెట్ల వసారాలో గోడకి చేర్చి వెళ్లిపోయారు.

కాసేపటికి పైవాటా బామ్మగారు సంచితో ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. సోఫా చూసి, ఎవరినీ అడక్కుండా కూలబడింది. ఎదురుగా తెరిచిన తలుపులోంచి, సామాన్ల మధ్య బట్ట కప్పిన మిషను కనిపించింది.

"నువ్వు కుడతావా అమ్మాయ్? నాలుగేళ్లుగా మీ గుమ్మం దాటి పోతున్నా, ఒక్కనాడు అనుకోలేదు. పైకి ఎప్పుడెక్కుదామా అనే గోలే తప్ప ఇటు చూసిందెప్పుడు."

ఆవిడ పిలిస్తే మనవరాలు చిరిగిన గౌను తెచ్చింది. ఎదురింటావిడ కర్టెన్ల గుడ్డతో వచ్చింది. సాయంత్రానికి సోఫా నిండింది, టీపాయ్ మీద బట్టలు పేరుకున్నాయి. చిట్టి మిషను కిటికీ పక్కనే గడగడలాడుతోంది.

"ఇప్పుడైనా వదినకి ఉన్నమాట చెప్పండి. సోఫా లోపలికి పట్టలేదని, అయినా మాకు భలే అక్కరకొచ్చిందని" అంది నవ్వుతూ.

మాస్టారు సరేనని, రుజువు కోసం మెట్ల గోడకి వీపు ఆనించి, సోఫా మీది మనుషులతో సహా ఒక ఫోటో తీసి, నిజం రాసి పంపారు. జవాబు వెంటనే వచ్చింది.

"మెట్ల దగ్గరే అంత చోటుందా? అయితే రేపు బీరువా పంపిస్తున్నా."

చిట్టి మెళ్లోని టేపు తీసి మాస్టారి మెళ్లో వేసింది.