మడత తప్పిన నాలుగోవాడు

పనిచేయనివాడు గొప్పవాడు కాడు. పనిచేసేవాళ్ల నడుమ కూర్చుని వాళ్లను కూడా పనిచేయనీయనివాడే గొప్పవాడు. ఈ పరిపాలనా సూత్రాన్ని మనిషి ఒళ్లు ఏనాడో కనిపెట్టింది. వరంగల్ సుబేదారిలోని వంశపారంపర్య వ్యాధుల పరీక్షా అనుమతుల విభాగం ఈమధ్యనే దాన్ని పూర్తిగా అమలులోకి తెచ్చింది.

ఎల్లస్వామికి ఈ సంగతి మొదట దవాఖానలో తెలిసింది. ఆయన వరంగల్ మార్కెట్‌లో పత్తి బేళ్లు మోసే హమాలీ. భార్య సోమక్క నిరుడు క్యాన్సర్‌తో పోయింది. ఆమె ఒంట్లో ఒక ప్రొటీన్ పుట్టుకతోనే తేడాగా ఉందని, అది కూతురు స్నేహలతకూ వచ్చిందేమో పరీక్ష చేయించమని డాక్టర్ యమున చెప్పింది. వచ్చి ఉంటే ఇప్పటినుంచే కనిపెట్టుకుని ఉండవచ్చు. జబ్బును మొగ్గలోనే పట్టవచ్చు.

"కణం అడ్డగోలుగా పెరగకుండ కాపలా కాసే ప్రొటీన్ అది. నాలుగు కలిసి పట్టుకుంటెనే పనిచేస్తది," అన్నది డాక్టరమ్మ.

"బేలును నలుగురం లేపినట్టు."

"అట్లనే. అండ్ల ఒకటి మడత తప్పితె మిగిలిన మూడు కూడ ఆగిపోతయి."

"తీసి అవతల పారెయ్యరాదా, మేడమ్?"

"మంచి ప్రొటీన్‌నైతే ఒళ్లు ఎప్పటికప్పుడు తీసేస్తది. మడత తప్పింది మాత్రం కదలదు, పేరుకపోతది. మడతలు సరిచేసేటివి కూడ ఉంటయి. అవే దాన్ని కాపాడుతయి. అది ఊరికె కూసుంటె నయమే. ఒక్కోసారి కొత్త పని నేర్చుకుంటది. అప్పుడింకా కష్టం."

ఎల్లస్వామి నమ్మలేదు. ఒంట్లో ఇంత అన్యాయం ఉండదనుకున్నాడు. (అప్పటికి ఆయన సుబేదారి పోలేదు.)

బయట పరీక్ష చేయించే స్తోమత లేదు. సర్కారు ఖర్చుతో చేయించాలంటే సుబేదారి విభాగంలోని నలుగురు సభ్యుల అనుమతి కావాలి. నలుగురూ ఒకే బల్ల దగ్గర, ఒకే పూట కూర్చుని సంతకం చేయాలి. (విడివిడిగా చేస్తే పని అయిపోయే ప్రమాదం ఉంది.) విజయలక్ష్మి, ఫ్రాన్సిస్, కుమారస్వామి పెన్నులు తీశారు. నాలుగో సభ్యుడు సారంగపాణి దరఖాస్తును ప్రేమగా చూశాడు.

"కాదంటలేను, పెద్దమనిషీ. జర ఆలోచన చెయ్యాలె."

ఆయన ఏనాడూ ఎవరికీ కాదనలేదు. కాదంటే పై ఆఫీసుకు పోవచ్చు. ఆలోచన మీద అప్పీలు లేదు. మిగతా ముగ్గురూ పెన్నులకు మూతలు పెట్టుకున్నారు.

మళ్లీ పోయేసరికి విజయలక్ష్మి లేదు. పని చేస్తోందని ఫిర్యాదు వచ్చి బదిలీ అయింది. ఆమె స్థానంలో వచ్చినవాడు కూడా పెన్ను తీశాడు, వెళ్లిపోయాడు. సారంగపాణి కుర్చీ మాత్రం నేలలో దిగబడి ఉంది. ఆయనను సరిచేద్దామని శిక్షణకు పంపితే, శిక్షకుడై తిరిగొచ్చాడు. తొలగించాలన్నా నలుగురి సంతకాలు కావాలి. ఆ కాగితం మీద కూడా ఆయన ఆలోచిస్తున్నాడు.

"సార్, ఒక్క దినం సెలవు పెట్టరాదు?" అన్నాడు ఎల్లస్వామి.

"నేను లేకుంటె నలుగురం ఎట్లయితం?" అన్నాడు సారంగపాణి, నిజంగానే బాధపడుతూ.

దరఖాస్తులు పేరుకున్నాయి. వాటిని చూసుకోవడానికి విభాగం పెరిగింది. మేడ మీదికి పాకింది, వరండా మింగింది, బండ్లు నిలిపే షెడ్డులోకి దిగింది. తర్వాత ములుగులో ఒకటి, మరిపెడలో ఒకటి మొలిచాయి. ప్రతిదాంట్లో సారంగపాణి దగ్గర శిక్షణ పొందినవాడు ఒక్కడైనా ఉండాలని ఉత్తర్వు. ప్రతిచోటా రిబ్బను కత్తిరించి, విభాగం ఆరోగ్యంగా ఎదుగుతోందని ప్రసంగించారు.

స్నేహలత బట్టల దుకాణంలో చీరలు చూపిస్తుంది. ఇంటికొచ్చి తండ్రి మొహం చూడగానే సంగతి తెలిసిపోయింది.

"ఇంక పోకు బాపూ. వాళ్లు చెప్పేలోపల నా ఒళ్లే చెప్తది."

"ఆ మాట అనకు, బిడ్డ."

"మరేం జేద్దాం? సారంగపాణి సారుకే చేయిద్దామా పరీక్ష?"

ఎల్లస్వామికి నవ్వొచ్చింది. సోమక్క పోయాక అదే మొదటిసారి. నవ్వి, తెల్లారి మళ్లీ పోయాడు.

ఆ రోజు సారంగపాణి చేతిలో పెన్ను ఉంది. ఎల్లస్వామి బల్ల దగ్గరికి జరిగాడు.

"ఆలోచన అయిపోయింది, పెద్దమనిషీ. మీ బిడ్డకు జబ్బు లేదు గద. లేనోళ్లకు పరీక్ష ఎందుకు? జబ్బు రానియ్యుండ్రి. వచ్చినంక దరఖాస్తు పెడితె వెంటనే ఇస్తం."

"వచ్చినంక పరీక్ష దేనికి, సార్?"

"ఎందుకొచ్చిందో తెలుస్తది గద. మీ ఇంటామె సంగతి అట్లనే తెలిసిందాయె."

ఆ మాటే దరఖాస్తు మీద రాసి ఆయన సంతకం పెట్టాడు. మిగతా ముగ్గురూ పెన్నుల మూతలు తీసి కింద సంతకాలు పెట్టారు. విభాగం పుట్టినప్పటినుంచి నలుగురూ కలిసి పూర్తి చేసిన పని అదొక్కటే.