గురజాల వైరస్ పార్కు

“ఇన్నాళ్లూ వైరస్ మన మిరప మీద బతికింది. ఇకమీదట మనం వైరస్ మీద బతుకుదాం!” అని మంత్రి చక్రధర్ గారు గురజాల సభలో ప్రకటించారు. ఇంత దూరదృష్టి గల మాటను నా విలేకరి జీవితంలో వినలేదు.

ఈ మహత్కార్యానికి కారకురాలు డాక్టర్ రేచల్. మిరపకు తెగులు తెచ్చే వైరస్‌కు పైన ప్రొటీన్‌తో అల్లిన పంజరం లాంటి గుల్ల ఉంటుందట. లోపలి సరుకు తీసేస్తే అది ఇక తెగులు తేలేదు. ఆ ఖాళీలో మందు నింపి క్యాన్సర్ గడ్డ దాకా పంపవచ్చా అన్నది ఆవిడ పరిశోధన. తెగులు ఆకుల కోసం మా ఊరొచ్చి, మర్యాదకు మంత్రిగారిని కలిశారు.

మంత్రిగారు రెండు ఫోన్ల మధ్య ఓపిగ్గా విన్నారు.

“అంటే పైకి గట్టిగా, లోపల ఖాళీగా ఉండాలి. అంతేగా?”

“అంతే సార్.”

“అది మాకు అలవాటైన పనేనమ్మా.”

అలా పుట్టిన వైరస్ పార్కుకు మైమూనా కౌలుచేను ఎంపికైంది. ఊళ్లో అంత నిండుగా తెగులు పట్టిన చేను మరొకటి లేదు. ఆమె అప్పటికే పంట నష్టం కింద పరిహారానికి అర్జీ పెట్టుకుని ఉంది. వ్యవసాయాధికారి భానుప్రకాష్ గారు ఆమెను ఆప్యాయంగా మందలించారు.

“నష్టమేందమ్మా? నీ చేలో ముడిసరుకు పండింది.”

“అయితే కొనుక్కుపోండి సారూ.”

“ప్రభుత్వ సంపదను ప్రభుత్వమే ఎట్లా కొంటది?”

“పోనీ పీకేసి మొక్కజొన్న వేసుకుంటా.”

“పీకితే కేసవుద్ది.”

చేనుకు హోంగార్డును కాపలా పెట్టారు. వైరస్‌ను మోసుకొచ్చే పేనుబంక మీద మందు కొట్టడం నిషేధించారు. పక్క చేను చెన్నకేశవులుది. అది పచ్చగా ఉన్నందుకు, ఉత్పత్తిలో వెనకబడ్డావంటూ అతనికి నోటీసిచ్చారు.

రేచల్ పరుగున వచ్చారు. “సార్, నాకు గుప్పెడు ఆకులు చాలు. మిగతా పని ల్యాబ్‌లోనే. ఈ మొక్కలుంటే ఊరంతా అంటుకుంటుంది!”

“సైంటిస్టులు చిన్నగా ఆలోచిస్తారు,” అని మంత్రిగారు నాతో బాధపడ్డారు.

ప్రారంభోత్సవానికి ఢిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారని కబురొచ్చింది. ముడుచుకుపోయి, పసుపు తిరిగిన మొక్కలు ఫొటోలో బాగుండవని భానుప్రకాష్ గారికి తోచింది. తోచిందే తడవుగా వాటిని పీకించి గట్టు మీద తగలబెట్టించారు. చెన్నకేశవులు చేలోని మొక్కలు తెచ్చి ఆ చోట నాటించారు.

“కాయ దిగే చేనయ్యా! మీకేం పొయ్యేకాలం?” అని చెన్నకేశవులు అడ్డం పడ్డాడు.

“ఫొటోల వరకే బాబాయ్. మళ్లీ నీ చేలో నాటేస్తాం.”

రిబ్బన్ కత్తిరించాక మంత్రిగారు ఒక ఆకును ప్రేమగా నిమిరారు. “చూడండి, మన వైరస్ ఎంత నిగనిగలాడుతోందో!”

రేచల్ ఉండబట్టలేకపోయారు. “సార్, వీటికి వైరస్ లేదు. ఇవి మంచి మొక్కలు.”

ఢిల్లీ పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మంత్రిగారు ఒక్క క్షణం ఆలోచించారు. గొప్ప నాయకుడికి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. మైకు అందుకున్నారు.

“విన్నారుగా! సైంటిస్టే సర్టిఫై చేశారు. రాష్ట్రంలో వైరస్ లేని తొలి మండలం మన గురజాల!”

చప్పట్లు మోగిపోయాయి. వైరస్ లేని మండలంలో వైరస్ నష్టం ఉండదు గనక, మైమూనా అర్జీని ఆ వేదిక దగ్గరే కొట్టేశారు.

కాన్వాయ్ వెళ్లిపోయింది. మిట్టమధ్యాహ్నం ఎండకు నాటిన మొక్కలన్నీ తలలు వాల్చేశాయి. తన చేను తనకు కాకుండా పోయిన చెన్నకేశవులు గట్టు మీద కూలబడ్డాడు. మైమూనా ఒక మొక్కను వేళ్లతో సహా పీకి భానుప్రకాష్ గారి ముందు పెట్టింది.

“వైరస్ లేదంటిరి గదా సారూ. మరి ఇదేంది, ఇట్టా చచ్చింది?”

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆకులూ వేళ్లూ తిప్పి తిప్పి చూశారు.

“ఆరోగ్యంగానే చచ్చిపోయిందమ్మా,” అన్నారు.