ఓళిగ మీద పన్ను

ఆ ఆదివారం పొద్దున మల్లికార్జున్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగుతూ నాయనకు నాలుగు ముక్కలు చెప్పడం, మే నెలలో వర్షిణికి ఊటీ చూపించడం. పెళ్ళైన దగ్గర్నుంచి పెళ్ళానికి ఇస్తున్న మాట అది. బెంగళూరు కాటన్‌పేటలోని ఆ ఇంట్లో జీతం అందగానే నాలుగో వంతు నాయన చేతిలో పెట్టడం ఆచారం కాబట్టి, ఊటీ ఏటా వాయిదా పడుతూ వచ్చింది. వ్యాట్ వచ్చిన ఏడాది కావడంతో ఊరంతా పన్నుల మాటే. ఆదాయపన్ను ఎత్తేసి, దేశమంతటా ఒకే అమ్మకం పన్ను పెడితే బాగుపడతామని ఆఫీసు క్యాంటీన్‌లో ఎవరో అన్న మాట మనవాడి బుర్రలో దిగబడింది.

"సంపాదన మీద పన్ను అన్యాయం నాయనా. ఎవరెంత వాడుకుంటే అంత కట్టాల. మనింట్లోనూ అట్లే పెడదాం."

వెంకటరాయప్ప చిక్కపేటలో చీరల వ్యాపారి. సేల్స్ టాక్స్ వాళ్ళతో వేగి వేగి తల నెరిసిన మనిషి. అలాంటివాడికి అమ్మకం పన్ను పాఠం చెప్పబోవడం మల్లికార్జున్ చేసిన మొదటి తప్పు.

"సరేలేప్పా, చదువుకున్నోడివి. రేపట్నించే పెడదాం," అన్నాడాయన. అంత సులువుగా ఎందుకు ఒప్పుకున్నాడన్న అనుమానం కూడా కొడుక్కి రాలేదు.

మర్నాడు తల్లి మునివెంకటమ్మ కాఫీతో పాటు బిస్కెట్ డబ్బా కూడా ముందు పెట్టింది. మూతకు చిల్లు ఉంది.

"ఐదు రూపాయలు ఎయ్యి."

"ఇంట్లో కాఫీకా అమ్మా?"

"వాడకం మీద పన్ను అని నువ్వేగా అంటివి! వేన్నీళ్ళకు వేరే ఉండాది."

మల్లికార్జున్ కూడా తక్కువవాడు కాదు. వాడితేనే కదా పన్ను అని, భార్యను వెంటబెట్టుకుని మూడు పూటలా వీధి చివర, నిలబడి తినే దర్శిని హోటల్లో తినసాగాడు. అత్తగారిల్లు పక్కనే పెట్టుకుని కోడలు నిలబడి ఇడ్లీ తినడం వీధంతా చూసింది. తండ్రీకొడుకులు పొయ్యి వేరు పెట్టారన్న కబురు వారం తిరక్కుండా కె.ఆర్.పురం చేరింది.

అక్కడినుంచి వర్షిణి తండ్రి జయరామప్ప, భార్యాసమేతంగా, పెట్టెతో సహా రాజీ చేయడానికి దిగాడు. వియ్యంకుడు గడప తొక్కితే మునివెంకటమ్మ ఊరుకుంటుందా? ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసింది.

"చుట్టాల పన్ను ఎవరు కట్టాల?" వంటింట్లో గొంతు తగ్గించి అడిగాడు మల్లికార్జున్.

"ఎవరి అత్తామామలైతే వాళ్ళు," అన్నాడు వెంకటరాయప్ప.

విస్తరి ముందు కూర్చున్న మామగారిని బలవంతం చేయకపోతే అల్లుడికి మర్యాద కాదు. "ఇంకొక్కటి వేసుకోండి మామా," అన్నాడు మల్లికార్జున్ ప్రాణం ఉసూరుమంటుండగా. వంటింట్లో డబ్బా గలగలమంది. "అల్లుడు ఇంత ప్రేమగా అడుగుతా ఉంటే కాదంటానా!" అని జయరామప్ప ఇంకో రెండు వేయించుకున్నాడు. నెయ్యికి వేరే గలగల. ఇంత ఆప్యాయతగల ఇంట్లో గొడవేమిటో తేల్చుకునే దాకా కదలనని ఆయన ఆ నెలంతా ఉండిపోయాడు.

అత్తామామలను బస్సెక్కించి వచ్చిన సాయంత్రమే మల్లికార్జున్ చేతులెత్తేశాడు.

"పాత పద్ధతే మేలు నాయనా. జీతంలో నాలుగో వంతు తీసుకో. ఆ డబ్బాలోది ఇస్తే మేము ఊటీకి పోయొస్తాం."

వెంకటరాయప్ప మొదటిసారి కొంచెం సిగ్గుపడ్డాడు. "ఆ డబ్బాలోదాంతో మీ అమ్మకూ నాకూ టికెట్లు తీసేసినానప్పా. పెళ్ళైనప్పట్నించీ మీ అమ్మకు ఊటీ చూపిస్తా అంటానే ఉండాను. అంగడి వదిలి పోతే కదా!"

వాకిట్లో మునివెంకటమ్మ కొత్త స్వెట్టర్ వేసుకుని నిలబడి ఉంది. బెంగళూరు మే నెల ఎండకు చెమటలు కారుతున్నా విప్పలేదు. ఆ ముఖం చూశాక మల్లికార్జున్ ఆటో పిలవడానికి వెళ్ళాడు. వర్షిణే పెట్టె సర్ది ఇచ్చింది.

వారం తర్వాత మునివెంకటమ్మ నీలగిరి టీపొడితో తిరిగొచ్చి కొడుక్కి మొదటి కప్పు చేసిచ్చింది.

"టీపొడి మీ నాయన కానుక, ఊరికేనే తాగు," అంది. "పాలకూ చక్కెరకూ మాత్రం డబ్బాలో ఎయ్యి."