గడియారం హాజరు

ఉదయం ఏడున్నరకు హాజరు. ఆరున్నరకల్లా కొత్త రేడియో సిద్ధం కావాలి. ఈ రెండు సంగతులూ టైలరమ్మ ముందురోజే మరిదికి మూడుసార్లు చెప్పింది. ఆయన ఏడింటికి వచ్చి, చెప్పులు విడుస్తూనే, "కాఫీ ఉందా వదినా?" అన్నాడు.

"ముందు పని, తర్వాత కాఫీ."

"కాఫీ పడకపోతే చేతులు కదలవు. టెలిఫోన్ స్తంభాలెక్కిన చేతులివి."

"స్తంభం దిగి ఎనిమిదేళ్లయింది. కూర్చో."

అరవై నాలుగేళ్ల వయసులో ఆవిడ పరీక్ష రాసి ఇంట్లోంచే దూరాన ఉన్న మిత్రులతో మాట్లాడుకునే హామ్ రేడియోకు లైసెన్సు సంపాదించింది. భర్తకూ ఆ లైసెన్సు ఉండేది; ఆయన గడియారాలు బాగుచేసేవాడు. రేడియో మిత్రులు ఆయన్ని "గడియారం" అనే పిలిచేవారు. వాళ్లు రోజూ పొద్దున హాజరు పలుకుతారు. పోయినవాళ్ల పేరు కూడా ఏడాదిపాటు జాబితాలో ఉంచి, పిలిచి, పది సెకన్లు మౌనంగా ఉంటారు. ఆ పది సెకన్లనూ ఆవిడ భర్త పాత రేడియోలో రోజూ వింటూ వచ్చింది. ఆయన పోయి ఇవాళ్టితో ఏడాది. రేపు ఆ పేరు కొట్టేస్తారు.

ఈలోగా ఆవిడ ఒక మాట అడగాలి. ఏడాది కిందట ఇదే పొద్దున, ఎవరో కుట్టడానికిచ్చిన కోటు గుడ్డ మీద ఆయన గడియారాల నూనె ఒలికించాడు. ఆవిడ విసురుగా, వస్తానని కూడా అనకుండా బయటకు వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆయన బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. రేడియో మాత్రం మోగుతూనే ఉంది. మధ్యలో ఆ ముప్పావుగంట ఆయన మిత్రులతో ఏం మాట్లాడాడో, తన మీద కోపంతోనే పోయాడో ఆవిడకు తెలియదు. ఫోన్లో అడిగితే ఎవరైనా ఓదార్పుకు అబద్ధం చెబుతారు. పదిమంది వింటుండగా అడిగితే చెప్పరు. ఆ పదిమందిలో, ప్రతి మాటా టైముతో సహా పుస్తకంలో రాసుకునే రూల్సాయన కూడా ఉంటాడు కనుక అసలే చెప్పరు.

మరిది కొత్త రేడియోను కేబుల్‌తో కంప్యూటరుకు తగిలించి తల గోక్కున్నాడు. రెండు బ్యాండ్లకూ కలిపి నూట నలభై ఛానళ్లు.

"ఇవన్నీ ఒక్కొక్కటే నింపితే ఎల్లుండి అవుతుంది. అన్నయ్య రేడియో కూడా ఇదే రకం. అందులో ఉన్నదంతా ఇందులోకి దించేస్తా."

"దించితే ఆయన నంబరు నాకొచ్చి కూర్చోదూ?"

"మొదటి పేజీలో నంబరూ పేరూ మారిస్తే చాలు. మీది మీదే."

డిజిటల్ రేడియోలో ఎవరు మాట్లాడినా వాళ్ల నంబరూ పేరూ వినేవాళ్ల తెర మీద కనబడతాయి. ఆ సంగతి మరిదికి బాగా తెలుసు. మొదటి పేజీ తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే కాఫీ వచ్చింది.

ఏడున్నరకు కొత్త రేడియోను గోడ గడియారం కింద అర మీద నిలబెట్టారు. దాని పక్కన పాత రేడియో, శబ్దం పూర్తిగా తగ్గించి. ఆ గదిలో పదకొండు గడియారాలున్నాయి. ఆయన పోయాక ఆవిడ ఒక్కదాన్నీ ఆగనివ్వలేదు. ఏది ఆగినా ఇంకెవరి చావు కబురో వస్తుందని భయం. కిటికీ నిండా ఎండ ఉన్నా, ఆ టిక్కుటిక్కుల మధ్య ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టే ఉండేది.

హాజరు పలికించేది పళ్ల డాక్టరు. ఫొటోగ్రాఫరు ఉన్నానన్నాడు. వకీలు దగ్గర గుమాస్తా అయిన రూల్సాయన ముందు టైము చెప్పి, తర్వాత ఉన్నానన్నాడు.

"గడియారం," అని పిలిచాడు డాక్టరు.

మౌనం. టైలరమ్మ పెదవులతో లెక్కపెడుతోంది. తొమ్మిదో అంకె దగ్గర, రెండు నిమిషాలు వెనకగా నడిచే గోడ గడియారం అరగంట కొట్టింది, ఒకే ఒక్క గంట. పాత రేడియో తెర దానంతట అదే వెలిగింది. దాని మీద పేరు: గడియారం.

మరిదికి కాఫీ పొలమారింది. గట్టిగా దగ్గాడు. ఆ ఇంటి మగవాళ్లందరిదీ ఒకటే దగ్గు, ఖాళీ డబ్బాలో గులకరాయి పడ్డట్టు.

తెర ఆరిపోయింది. ఫొటోగ్రాఫరు గొంతు బావిలోంచి వచ్చినట్టు వినబడింది.

"డాక్టరుగారూ, మీ తెర మీద ఏముంది?"

"నీ తెర మీదున్నదే."

"ఆ దగ్గు ఆయనదే."

"తెలుసు. ఆ గంట కూడా వాళ్లింటిదే."

టైలరమ్మ కుర్చీలోంచి లేచింది. గది మూలకు చూస్తూ, "ఏమండీ, ఉన్నారా?" అంది. పాత రేడియో మళ్లీ వెలిగింది. అదే పేరు.

తన మాట అటు చేరిందని ఆవిడకు తెలియదు. అటువాళ్లకు మాత్రం, పోయిన మనిషి పేరు కింద, ఆయన భార్య ఆయన్ని పిలుస్తూ వినబడింది.

"చెల్లెమ్మకు కూడా కనిపిస్తున్నాడు," అన్నాడు డాక్టరు నీరసంగా.

ఫొటోగ్రాఫరు ఇక ఆగలేదు. "అన్నా, నీ మేడ మీది యాంటెన్నా నేనే పట్టుకెళ్లాను. నీకు చెప్పే తీసుకుందామనుకున్నా, అప్పటికే నువ్వు లేవు. మధ్యాహ్నంలోగా పెట్టేస్తా. దానికోసం నువ్వు మా ఇంటిదాకా రావద్దు."

"గాలికి ఎగిరిపోయిందన్నావుగా," అని టైలరమ్మ గుసగుసగా మరిదిని అడిగింది. మరిది చూపు పాత రేడియో తెర మీదే ఉంది.

"ఒక్క సంగతి," అన్నాడు రూల్సాయన. "జాబితాలో పేరున్న సభ్యుడు పిలుపుకు పలికితే హాజరు వెయ్యాల్సిందే. పోయినవాళ్లు పలకకూడదని మన నిబంధనల్లో లేదు. అయితే లైసెన్సు రద్దయిన మనిషి ప్రసారం చేస్తున్నట్టు లైసెన్సుల ఆఫీసుకు రాయక తప్పదు."

"హాజరు వేశాను. మీరు రాసుకోండి."

మరిదికి మళ్లీ దగ్గొచ్చింది. ఈసారి ఆయన కళ్లు కొత్త రేడియో మీదున్నాయి. దగ్గుతోపాటు దాని నెత్తిన ఎర్ర దీపం వెలిగింది, దగ్గుతోపాటే ఆరింది. చిటిక వేశాడు. వెలిగింది. మెల్లగా కంప్యూటరు వైపు తిరిగాడు. మొదటి పేజీ తెరిచింది తెరిచినట్టే ఉంది. పేరు: గడియారం. దాని కింద, రెండు చేతులూ పట్టకార్లతో ఖాళీ లేని మనిషి చేసుకున్న ఏర్పాటు: బటన్ నొక్కనక్కర్లేదు, దగ్గర్లో గట్టి శబ్దమైతే చాలు, రేడియో దానంతటదే అటు పంపేస్తుంది.

"వదినా," అన్నాడు చెవి దగ్గరకొచ్చి, "దయ్యం నేనే. పేరు మార్చడం మర్చిపోయా. ఉండండి, చెప్పేస్తాను వాళ్లకి."

ఆయన చెయ్యి చాచేలోగా డాక్టరు గొంతు మారింది.

"గడియారం, నువ్వెందుకొచ్చావో నాకు తెలుసు. ఆ రోజు నువ్వన్న మాట చెల్లెమ్మకు నేను చెప్పలేదు."

టైలరమ్మ ఒక చేత్తో మరిది నోరు మూసింది. రెండో చేత్తో గోడ గడియారం లోలకాన్ని పట్టేసుకుంది. ఏడాదిలో మొదటిసారి ఆ ఇంట్లో ఒక గడియారం ఆగింది.

"అలిగి వెళ్లిందన్నావు. తప్పు నీదేనన్నావు. 'ఇవాళ తొందరగా సెలవు తీసుకుంటున్నా, తనొచ్చేసరికి పాలు కాచి పెట్టాలి, లేకపోతే ఈ రేడియో కిటికీలోంచి సరాసరి మీ దగ్గరికే వస్తుంది' అన్నావు. అందరం నవ్వాం. నువ్వూ నవ్వుతూనే వెళ్లావు. చావింట్లో పాల సంగతేం చెబుతాంలే అని ఊరుకున్నా. ఆ తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు. రోజూ నీ పేరు పిలిచి, ఆ పది సెకన్లూ ఇదే అనుకునేవాణ్ణి. ఇవాళ వెళ్లి చెప్పొస్తా. ఇక నువ్వు విశ్రాంతి తీసుకో."

"ఆయనన్నది సరిగ్గా అదే మాట," అన్నాడు రూల్సాయన. "నా పుస్తకంలో ఉంది. ఏడూ నలభై రెండు."

ఆ రోజు పొయ్యి మీద మూతపెట్టిన గిన్నె ఒకటి ఉండటం టైలరమ్మకు గుర్తొచ్చింది. పాలు ఎవరు కాచారని అడిగే ధ్యాస అప్పుడెవరికీ లేదు. వచ్చిన జనంలో ఎవరో పారబోశారు.

ఆవిడ మరిది నోటి మీది చెయ్యి తీసి, కొత్త రేడియో అందుకుంది.

"డాక్టరుగారూ, నేను. అంతా విన్నాను. మీరు రానక్కర్లేదు."

"చెల్లెమ్మా, వాడు మీ పక్కనే ఉన్నాడా?"

ఆవిడ ఆగిన లోలకం వైపు చూసింది.

"ఇప్పుడే వెళ్లారు. వస్తానని చెప్పి వెళ్లారు."

"వస్తానన్నాడా?" అన్నాడు ఫొటోగ్రాఫరు.

యాంటెన్నా పదింటికల్లా మేడ మీదికి చేరింది. మరిది నంబరూ పేరూ మార్చాడు, ఈసారి కాఫీ లేకుండా. మర్నాడు హాజరులో టైలరమ్మ సొంత పేరుతో పలికి అసలు సంగతి చెప్పింది. అందరూ నవ్వారు. ఫొటోగ్రాఫరు నమ్మలేదు.

రూల్సాయన ఉత్తరం మాత్రం అప్పటికే తపాలాలో పడింది. పన్నెండో రోజున ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది, భర్త పేరు మీద. అనుమతి లేని ప్రసారానికి సంజాయిషీ ఇచ్చుకునేందుకు వారంలోగా స్వయంగా హాజరు కావాలనీ, బదులుగా కుటుంబ సభ్యులను పంపితే అంగీకరించబోమనీ అందులో ఉంది. టైలరమ్మ కళ్లద్దాలు పెట్టుకుని దాన్ని రెండుసార్లు చదివి, ఆయన రాగానే పంపిస్తానని జవాబు రాసింది.