మొహం ముందు, ముక్కు వెనక

ఒక పెద్ద అడవిలో కాళ్లున్నవాళ్లు కాళ్లకొద్దీ నడిచేవారు, రెక్కలున్నవాళ్లు రెక్కలకొద్దీ ఎగిరేవారు. ఎవరికీ తొందర లేదు. అదే పెద్ద లోటని అటవీ సభ అధ్యక్షుడు, అడవిదున్న మహిషేశ్వరరావుగారికి ఒకనాడు తోచింది.

"జపాను దేశంలో రైలుబండి గాలిని వెనకేసుకుని పోతుందట. మనకెందుకు లేదు?" అన్నారు సభలో.

"లేకపోవడమేమిటండీ! మీరు ఇంకా అనుకోలేదు, అంతే!" అన్నాడు సెక్రటరీ నక్క జంబుకయ్య.

చీఫ్ ఇంజనీరుగా తాబేలు కూర్మారావుని వేశారు. వేగం గురించి తాబేలుకేం తెలుసని ఎవరూ అడగలేదు. ఆయనకి నూట ఎనభై ఏళ్ల సర్వీసుంది. అడవిలో అంతకు మించిన అర్హత లేదు.

బండి ముందు భాగం ఎలా ఉండాలన్న చర్చ ఒక్క పూటలో తేలింది. అచ్చం అధ్యక్షులవారి మొహంలా ఉండాలి. వెడల్పాటి నుదురు, బండలాంటి మూతి, అటూ ఇటూ రెండు కొమ్ములు. సభ బల్లలు చరిచింది.

బండి దారిలో ఒక కొండ అడ్డొచ్చింది. సొరంగం తవ్వారు. సొరంగం అవతలి కొసకు ఎదురుగా ఒక వాగు. ఆ వాగు గట్టులోనే లకుముకి పిట్ట నీలమ్మ కాపురం. ఆవిడదీ సొరంగమే. తన ముక్కుతో, తన మొగుడి ముక్కుతో, పదిరోజులు మట్టి పొడిచి పొడిచి తవ్వుకున్నది. లోపల అయిదు గుడ్లు.

మొదటిసారి బండిని నడిపి చూసిన రోజు నీలమ్మ గుడ్ల మీద ఉంది. వెదురుగొట్టంలో కాయ కూరి వెనకనుంచి కర్రతో తోస్తే అవతల టప్పుమంటుంది కదా, అదే పని కొండంత గొట్టంలో జరిగింది. బండి మొహం సొరంగంలో గాలినంతా తోసుకుంటూ వచ్చింది. బండి కంటే ముందు చప్పుడు బయటికొచ్చింది.

ఢాం!

గట్టు అదిరింది. పైనుంచి మట్టి రాలింది. గుడ్లు ఒకదానికొకటి కొట్టుకున్నాయి.

మర్నాటికి రెండు గుడ్లు చల్లబడ్డాయి. నీలమ్మ వాటిని పక్కకి జరిపింది.  మిగిలిన మూడింటి మీద మొగుణ్ణి కూర్చోబెట్టి సభకు బయల్దేరింది.

"పెద్దాళ్లతో మనకెందుకే?" అన్నాడు మొగుడు.

"వాళ్లే వచ్చారు మన గుమ్మంలోకి," అని ఎగిరిపోయింది.

సభలో జంబుకయ్య ఎంతో మర్యాద చేశాడు. "రండమ్మా, కూర్చోండి. చప్పుడా? ఏ చప్పుడు?"

"మీ బండి చప్పుడు. రెండు గుడ్లు పోయాయి."

"అయ్యయ్యో! అది చప్పుడు కాదమ్మా. ప్రగతి."

"ప్రగతి అయితే మీ ఇంటి పక్కన పెట్టుకోండి."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. అధ్యక్షులవారు గొంతు సవరించుకుని శబ్ద పరిశీలన సంఘం వేశారు. దానికి పెద్దగా చెవులపిల్లిని పెట్టారు. ఎందుకంటే పేరులోనే చెవులున్నాయి. సంఘం మొత్తం జపాను వెళ్లింది. ఇరవై రోజులు తిన్నది, తిరిగింది, ఒక్క కాగితం పట్టుకొచ్చింది. నీలమ్మ మళ్లీ సభకు వచ్చింది.

"అక్కడా మొదట్లో బండి సొరంగంలోంచి వస్తే ఇలాగే ఢామ్మనేదట," అని చదివింది చెవులపిల్లి. "అక్కడి ఇంజనీరొకాయన పిట్టల్ని చూసే అలవాటున్నవాడట. లకుముకి పిట్ట అంత ఎత్తునుంచి దూకినా నీళ్లు చిందవేమని ఆలోచించాడట. బండికి ఆ ముక్కు పెట్టారట. చప్పుడు పోయింది, వేగమూ పెరిగింది."

సభ అంతా నీలమ్మ ముక్కు వంక చూసింది.

"ఈ ముక్కేనా?" అన్నారు అధ్యక్షులవారు కాస్త నిరాశగా.

"ఇదేనండీ," అంది చెవులపిల్లి. "మన దగ్గరా ఉందని మాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది."

కూర్మారావు టేపు పట్టుకుని వచ్చాడు. నీలమ్మ ఒక కాలు వెనక్కి వేసింది.

"కొలుచుకోండి. కానీ ఒక మాట ఇవ్వండి. నా పిల్లలు ఎగిరేదాకా బండి నడపకూడదు."

"అంతేనా!" అన్నాడు జంబుకయ్య. "రాసుకో గుమస్తా. పిల్లలు ఎగిరేదాకా బండి నడపరాదు. చాలా తల్లీ?"

చాలనుకుంది.

ముక్కు కొలవడానికి కూర్మారావుకి మూడు రోజులు పట్టింది. మొదలు దగ్గర ఒకరోజు, నడుమ ఒకరోజు, కొన దగ్గర ఒకరోజు. నీలమ్మ కదలకుండా కూర్చుంది. పొద్దుగూకగానే గూటికి పోయి గుడ్లు తిప్పి, తెల్లారగానే మళ్లీ వచ్చి కూర్చుంది. ముక్కూ మొహం ఎరగని వాళ్లందరూ వచ్చి ఆ ముక్కు తాకి చూసి వెళ్లారు.

గుడ్లు చిట్లాయి. మూడు పిల్లలు. ఈకలు లేవు, కళ్లు తెరవలేదు, నోళ్లు మాత్రం తెరుచుకునే ఉన్నాయి.

అక్కడ కార్ఖానాలో మాత్రం పెద్ద చిక్కు వచ్చిపడింది. ముక్కు తయారైంది. చక్కగా, పొడుగ్గా, నున్నగా. పెట్టాలంటే అధ్యక్షులవారి మొహం తీసేయాలి.

"తీసేస్తారూ?" అన్నారు అధ్యక్షులవారు. చాలా మెల్లగా అన్నారు. కూర్మారావు తల లోపలికి లాక్కున్నాడు.

తల బయటికి రావడానికి రెండు రోజులు పట్టింది. వచ్చిన తల ఉపాయంతో వచ్చింది. "ముక్కు పెట్టమని ఆర్డరులో ఉందండీ. ఏ వైపు అని లేదు."

"వెనక పెట్టండి!" అన్నాడు జంబుకయ్య చిటికె వేసి. "ముందు గౌరవం, వెనక విజ్ఞానం!"

"మరి ముక్కు వెనక ఉంటే వాసన..." అని ఏదో అనబోయింది చెవులపిల్లి.

"మీది శబ్ద సంఘమమ్మా. వాసనకి వేరే సంఘం ఉంది."

సంగతి వాగు దాకా పాకింది. నీలమ్మ నోట్లో చేపతోనే వచ్చి కార్ఖానా చూసింది. చేపని కింద పెట్టింది.

"అయ్యా, నేను ఏనాడైనా తోకతో నీళ్లలోకి దూకగా చూశారా?"

కూర్మారావు ఆలోచించాడు. "చూడలేదమ్మా. కానీ అది ప్రకృతి. ఇది ఇంజనీరింగు."

"పోనీ మాట ప్రకారం ఆగండి. పిల్లలకి ఇంకా పన్నెండు రోజులు పడుతుంది."

"ముహూర్తం ఎల్లుండి, తల్లీ," అన్నాడు జంబుకయ్య. "ముహూర్తాలు పన్నెండు రోజులు ఆగవు. అయినా ముక్కు పెట్టేశాం కదా, ఇంక చప్పుడెక్కడిది? చప్పుడే లేనప్పుడు ఎగిరితేనేం, ఎగరకపోతేనేం?"

 నీలమ్మ చేప తీసుకుని వెళ్లిపోయింది. పిల్లలు ఆకలితో ఉంటారు.

ఎల్లుండి రానే వచ్చింది. సొరంగం అవతలి కొస దగ్గర పందిరి వేశారు. తన మొహం సొరంగంలోంచి వస్తుంటే తానే ఎదురేగి దండ వేయాలని అధ్యక్షులవారి ముచ్చట. చప్పుడు కొలవడానికి చెవులపిల్లి చెవులు రెండూ నిక్కించి సొరంగం నోటికి ఆనించి కూర్చుంది. అడవి అంతా చుట్టూ మూగింది.

పిల్లల్ని బయటికి తెద్దామంటే వాటికి రెక్కలు రాలేదు, ఇంకో బొరియ తవ్వాలంటే పదిరోజులు పడుతుంది. లోపలే ఉంచుదామంటే గట్టు సంగతి తెలుసు. మొగుడు బొరియ నోటికి అడ్డంగా కూర్చున్నాడు. "ఒక్క చేప తెచ్చి పెట్టు, ఏడుపు మానతాయి," అన్నాడు. నీలమ్మ వాగులోకి దూకింది.

సరిగ్గా ఆవిడ నీళ్లడుగున ఉండగా బండి వచ్చింది.

పైకి వచ్చేసరికి పందిరి లేదు. గట్టు సగం లేదు. కూలిన మట్టి పట్టాల మీద కుప్ప పడి, బండి అధ్యక్షులవారి మొహంతో సహా ఆ మట్టిలో కొమ్ములదాకా దిగబడి ఉంది. వెనక ముక్కు మాత్రం ఎండలో తళతళలాడుతోంది. దాని మీద ఒక్క గీత పడలేదు.

ఇసుకలో రెండు పిల్లలు. పక్కనే మొగుడు, ఒక రెక్క ఈడ్చుకుంటూ. మూడోది నీళ్లలో.

నీలమ్మ కొమ్మ మీదికి ఎక్కలేదు, ఎత్తు చూసుకోలేదు. ఉన్నచోటునుంచే దూకింది. నీళ్లు చిందలేదు. పిల్లను ముక్కున కరుచుకుని ఇసుక మీద పెట్టింది. కాసేపటికి అది దగ్గింది.

మూడూ బతికాయి. నీలమ్మ వాటి వెనక నిలబడి సన్నగా కూసింది. ఎప్పుడు కూసినా మూడు నోళ్లు తెరుచుకునేవి. తెరుచుకోలేదు. ఇంకోసారి కూసింది. ఒక్కటీ తల తిప్పలేదు. అప్పుడు ఒక్కోదాన్నీ ముక్కుతో మెల్లిగా తట్టింది. తట్టినప్పుడు తెరిచాయి.

జంబుకయ్య ఫైలు పట్టుకుని మట్టిలో కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. చెవిలోంచి దుమ్ము దులుపుకున్నాడు. ఆయనకి వినబడటం లేదు గానీ మాట్లాడటం ఆగలేదు.

"చూశావా తల్లీ! గట్టులోంచి నీ పిల్లలు గాల్లోకి లేచాయి. నా కళ్లతో చూశాను. ఎగిరేదాకా ఆగమన్నావు, ఎగిరాయి. మాట నిలబెట్టుకున్నాం." అని ఫైలులో తనే రాసుకున్నాడు. 'పిల్లలు ఎగిరినవి. షరతు నెరవేరినది.'

చెవులపిల్లి కూడా నివేదిక రాసింది. నిజాయితీగానే రాసింది. 'బండి వచ్చినప్పుడు మొదట ఏదో తోచినది. ఆ తరువాత నుంచి ఇప్పటివరకు ఎటువంటి శబ్దమూ వినిపించలేదు.'

అధ్యక్షులవారు పందిరి వాసాల కిందనుంచి లేచి జనం వైపు తిరిగారు. జనం నోళ్లు తెరిచి అరుస్తున్నారు. నోళ్లు కదలడమే కనిపిస్తోంది. "జేజేలు కొట్టడం కూడా మరిచిపోయారు, కృతఘ్నులు!" అని బాధపడ్డారు.

నీలమ్మ ఆయన ఎదుట వాలింది. ఆవిడ మితభాషి. ఆ రోజు మాత్రం ఉన్న మాటలన్నీ వాడింది. ఆయన వంశంతో మొదలుపెట్టి బండి చక్రాల దాకా వచ్చింది. ఆయన ఆ నోటి వంక ఆప్యాయంగా చూసి, తల ఊపారు.

"అలాగేనమ్మా. మరీ అంతగా అడుగుతున్నావు. రెండో బండి కూడా వేయిస్తాను. మంజూరు!"

సాయంత్రం ఏనుగుల్ని కట్టి బండిని మట్టిలోంచి వెనక్కి లాగారు. వెనకనున్న ముక్కు ముందయింది. చిరుతపులి డ్రైవరు తొందరలో ఇంజను కూడా వేసేశాడు. బండి ముక్కు ముందుగా, ఎంత వేగంతో వచ్చిందో అంతకు మించిన వేగంతో సొరంగంలో దూరి, అవతల తేలింది. ఢామ్మనలేదు. కనీసం టప్పుమనలేదు. ఆకు కదలలేదు.

అలా చప్పుడు రాలేదని వాగొడ్డున ఒక్క నీలమ్మకే తెలిసింది. ఆవిడని ఎవరూ అడగలేదు. పిల్లల్ని ఒక్కొక్కదాన్నే కరుచుకుని, పట్టాలు వేయని ఎగువకు చేరవేసింది. మొగుడు వెనకే నడిచాడు.

నీతి: చప్పుడు పోవాలంటే బండికి ముక్కైనా మారాలి, జనానికి చెవులైనా పోవాలి, రెండోదానికి సభ తీర్మానం అక్కర్లేదు.