రామ్మూర్తి గారి బొటనవేలు

ఆ సోమవారం పొద్దున రామ్మూర్తి మనసులో రెండే పనులున్నాయి. ఒకటి, కొండపల్లి బొమ్మలమ్మే సుభాని దుకాణం పర్మిషన్ ఫైలు మీద సంతకం పెట్టి పైకి పంపడం. రెండోది, సాయంత్రం ఇంటికొచ్చి కట్టుకున్న భార్యకు మట్టి కరిపించడం. కంగారు పడకండి, కరిపించడం టీవీ తెర మీదే.

కూతురు సింధూరి మొదటి జీతంతో ఒక వీడియో గేమ్ పెట్టె కొనుక్కొచ్చింది. అందులో ఇద్దరు మల్లులు ఎదురెదురుగా నిలబడి కొట్టుకుంటారు. చేతిలోని కంట్రోలర్ మీద చిన్న పుల్ల ఉంటుంది. దాన్ని బొటనవేలితో కిందికి లాగి, వేలెత్తకుండా మూలగా తిప్పి, ముందుకు తోసి, సరిగ్గా అదే క్షణంలో గుద్దు బటన్ నొక్కితే మన మల్లుడి అరచేతుల్లోంచి నిప్పుబంతి ఎగిరి అవతలివాణ్ణి కూల్చేస్తుంది. దీన్ని ఫైర్‌బాల్ అంటారు. వారం నుంచి తంటాలు పడుతున్నా రామ్మూర్తికి అది రాలేదు. ఆయన మల్లుడు కూర్చుంటాడు, లేస్తాడు, ఒక్కోసారి ఏం తోచిందో ఏమో పైకెగిరి వెనక్కి దిగుతాడు. నిప్పు మాత్రం పుట్టదు.

అదైనా సహించేవాడే. ఆయన కడుపు మండించింది భార్య శాంతకుమారి. ఆవిడ ఒక్క రూలూ నేర్చుకోలేదు. పప్పు పొయ్యి మీద పడేసి వచ్చి కూర్చుని, ఉన్న బటన్లన్నీ రెండు చేతులా టకటకా బాదేస్తుంది. కుక్కర్ కూత పెట్టేలోపు గెలిచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

"ఇదీ ఒక ఆటేనా? ఓ పద్ధతీ పాడూ అక్కర్లేదా? ఏ బటన్ ఎందుకు నొక్కావో చెప్పు ముందు!" అని ఆయన మండిపడ్డాడు.

"ఏమోనండీ, గెలిచాగా," అంది ఆవిడ లోపల్నుంచి.

రూలు ప్రకారం నడుచుకుని వెనకబడిపోవడం ఆయనకు ఆఫీసులో అలవాటే. ఇంట్లో కూడానా!

నాన్న బాధ చూడలేక సింధూరి ఒక ఉపాయం చెప్పింది. "కంట్రోలర్ చేతిలో లేకపోయినా పర్లేదు నాన్నా. చూపుడువేలి మీద బొటనవేలిని అలా తిప్పుతూ ఉండు. వేలికి అలవాటైతే అదే వచ్చేస్తుంది."

అంతే, రామ్మూర్తి వేలు ఆగలేదు. కాఫీ తాగుతూ తిప్పాడు, సిటీ బస్సులో కమ్మీ పట్టుకుని రెండో చేత్తో తిప్పాడు. గవర్నర్‌పేటలో ఆయన ఆఫీసు ఉంది. అది ఏ ఆఫీసో చెబితే ఆయనకు కోపం వస్తుంది కాబట్టి చెప్పడం లేదు. అక్కడ ఆయనొక సూపరింటెండెంటు. ఇన్నేళ్ల సర్వీసులో ఎవరి దగ్గరా చేయి చాపలేదు, టీ కూడా సొంత డబ్బుతోనే తాగుతాడు. పంద్రాగస్టుకు ఇచ్చే ప్రశంసాపత్రం ఏటా పక్కవాళ్లకు పోయేది. ఈసారి ఆఫీసరు ఛాయాదేవి ఆయన పేరే రాసింది. ఆ జాబితా ఆ సాయంత్రమే పైకి వెళ్లాలి.

పదకొండింటికి సుభాని వచ్చాడు. దసరాలోపు దుకాణం తెరవాలని అతని ఆత్రం.

"మీ కాగితాలన్నీ సవ్యంగానే ఉన్నాయి. సాయంత్రానికి అయిపోతుంది, వెళ్లిరండి," అన్నాడు రామ్మూర్తి. నోరు ఆ మాట అంటుంటే, టేబుల్ మీద కుడిచేతి బొటనవేలు చూపుడువేలిని రాస్తూ తిరుగుతోంది.

సుభాని ఆ వేలి వంక చూశాడు. ఆయన మొహం వంక చూశాడు. మళ్లీ వేలి వంక చూశాడు.

"అర్థమైందండి," అన్నాడు నీరసంగా.

"ఏమర్థమైంది?"

"మీరు నోటితో చెప్పక్కర్లేదు సార్. ఇప్పుడే వస్తా."

బయట అటెండరు శౌరయ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. సుభాని అతని పక్కన చేరి గుసగుసగా అడిగాడు. "మీ సార్ తీసుకోరన్నారు కదయ్యా?"

"ఎవరు, మా రామ్మూర్తి సారా? కళ్లు పోతాయ్, అట్టాంటి మాటలనకు!" అన్నాడు శౌరయ్య. అన్నాడే గానీ అనుమానం పట్టి తలుపు సందులోంచి తొంగి చూశాడు. రామ్మూర్తి ఒంటరిగా కూర్చుని, ఫ్యాను వంక చూస్తూ, బొటనవేలు తిప్పుకుంటున్నాడు. శౌరయ్య గుండె జారిపోయింది. ఆ జారిన గుండెతో తిన్నగా క్యాంటీన్‌కి వెళ్లి, కనిపించిన వాళ్లందరికీ చెప్పాడు.

సుభాని కాసేపట్లో తిరిగొచ్చి, ఫైలు కింద ఒక కవరు దూర్చాడు.

"ఏమిటిది?" అన్నాడు రామ్మూర్తి.

"మీరడిగిందే సార్."

"నేనడిగానా! నేను! ఎవర్ననుకుంటున్నావయ్యా నన్ను? ఏం చూసి అంత మాట అన్నావ్?" రామ్మూర్తి కుర్చీ తోసి లేచాడు. ఆ వారం అలవాటు కొద్దీ, ఆయన చెయ్యి ఫైర్‌బాల్ తిప్పడం మొదలెట్టింది. అరుపు పెరిగేకొద్దీ వేలు జోరందుకుంది.

సుభాని చేతులు జోడించాడు. "అరవకండి సార్, పరువు పోతుంది. చాలకపోతే ఇంకొంచెం కలుపుతాలెండి."

"కలుపుతావా! అవతలికి పో!"

"అంతకన్నా నావల్ల కాదు సార్, బొమ్మలమ్ముకునే వాణ్ణి!" అని సుభాని కవరు పట్టుకుని హాల్లోకి పరిగెత్తాడు. హాలంతా లేచి నిలబడి చూస్తోంది.

పక్క గది యేసుకుమార్ చిరునవ్వుతో వచ్చి రామ్మూర్తి చేయి పట్టుకుని ఊపాడు. ఈ యేసుకుమార్ చేతిలోంచి ఫైలు ఊరికే కదలదని ఆఫీసులో అందరికీ తెలుసు. నిరూపించినవాడు మాత్రం లేడు.

"ఎట్టకేలకు మా దారికొచ్చారు గురువుగారూ! కాకపోతే టేబుల్ మీద అంత బాహాటంగా వద్దండీ. కింద పెట్టి తిప్పాలి."

"ఛీ! నీ దారేమిటి, నేను రావడమేమిటి! చెయ్యి వదులు!"

ఇంతలో ఛాయాదేవి గదిలోంచి పిలుపు వచ్చింది. ఆవిడ ముందు ప్రశంసాపత్రం జాబితా ఉంది. ఆయన పేరు మీద పెన్సిల్ ఆనించి ఉంది.

"ఆఫీసంతా ఒకటే గోల. చెప్పండి రామ్మూర్తి గారూ, ఏమిటా వేలు?"

"ఫైర్‌బాల్ మేడం."

"ఏ బాల్?"

రామ్మూర్తి అంతా చెప్పాడు. మల్లులూ, పుల్లా, మూలగా తిప్పడం, శాంతకుమారి అన్యాయం, ఏదీ వదలలేదు. ఛాయాదేవి చివరిదాకా విని పెన్సిల్ కింద పెట్టింది.

"మీ వయసుకీ, హోదాకీ ఈ మాట ఎవరైనా నమ్ముతారా? సరే, ఆ పెట్టె తెప్పించండి. అందరి ముందూ చేసి చూపించండి. మీరు చెప్పిన వేలు తిప్పుడుకి నిజంగా నిప్పు వస్తే, మీ పేరు ఉంటుంది."

రామ్మూర్తి ఇంటికి ఫోన్ కలిపాడు. వారం రోజులుగా ఇంట్లో ఒక్కసారీ రానిది! తన నిజాయితీకి సాక్షి అదొక్కటేనట!

మధ్యాహ్నం శాంతకుమారి ఆటోలో పెట్టె తెచ్చింది. మీటింగ్ హాల్లో, కలెక్టరు గారి వీడియో కాన్ఫరెన్సుల కోసం పెట్టిన పెద్ద టీవీకి శౌరయ్య దాన్ని తగిలించాడు. ఆఫీసంతా చేరింది. సుభాని కూడా ఒక మూల నిలబడ్డాడు. ఎదురు ఆడేవాళ్లు కావాలి గనక రెండో కంట్రోలర్ శాంతకుమారి పట్టుకుంది.

"ఏవండీ, మెల్లగా కొట్టనా?" అంది చెవిలో.

"అక్కర్లేదు!"

ఆవిడ మెల్లగానే కొట్టింది. అయినా ఆయన పడిపోయాడు. లేచాడు, మళ్లీ పడ్డాడు. ఆయన వేలు కిందికి లాగింది, మూలగా తిప్పింది, ముందుకు తోసింది. తెర మీద మల్లుడు కూర్చుని లేచాడు.

"మనోడు గుంజీలు తీస్తన్నాడేంటి సార్?" అన్నాడు శౌరయ్య జాలిగా.

"నోర్ముయ్! శాంతా, కాస్త కదలకుండా నించోలేవా?"

"నేను కదల్లేదండీ. మీరే వెనక్కి గెంతుతున్నారు."

"ఫైర్‌బాల్ ఏదండీ?" అంది ఛాయాదేవి గడియారం చూసుకుంటూ.

రామ్మూర్తి చెమటలు కక్కుతున్నాడు. చూడలేక యేసుకుమార్ ముందుకొచ్చాడు. "ఇలా ఇవ్వండి గురువుగారూ. అంత బిగదీస్తే ఎట్లా? వేలు జారాలి, అంతే." కంట్రోలర్ అందుకుని ఎంతో సుతారంగా బొటనవేలు తిప్పాడు.

భగ్గుమని నిప్పుబంతి లేచింది. శాంతకుమారి మల్లుడు అంత దూరాన పడ్డాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. యేసుకుమార్ ఉత్సాహంగా మళ్లీ తిప్పాడు, మళ్లీ వచ్చింది. టీవీ వంక చూడకుండా కూడా తిప్పాడు. అప్పుడూ వచ్చింది.

"ఇదివరకు ఆడారా ఎప్పుడైనా?" అని అడిగింది ఛాయాదేవి.

"లేదు మేడం, ఇదే మొదటిసారి!" అన్నాడు యేసుకుమార్ గర్వంగా.

మూలన ఉన్న సుభాని మెచ్చుకోలుగా తలాడించాడు. "వారికి ముందునుంచీ బాగా అలవాటేనండి. మా అన్నయ్య ఫైలప్పుడు చూశాగా."

చప్పట్లు ఆగిపోయాయి. ఛాయాదేవి చూపు యేసుకుమార్ బొటనవేలి మీద నిలిచింది. అతను కంట్రోలర్ టేబుల్ మీద పెట్టి, చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"రేపు మీ దగ్గరున్న ఫైళ్లన్నీ పట్టుకుని నా గదికి రండి," అంది ఆవిడ. తర్వాత అందరి వైపూ తిరిగింది. "ఇంకా ఎవరైనా ప్రయత్నిస్తారా? వరసగా రండి."

అందరికీ ఒక్కసారిగా అర్జెంటు పనులు గుర్తొచ్చాయి. హాలు ఖాళీ అయింది.

రామ్మూర్తి మాత్రం కదల్లేదు. ఆయన ముక్కుపుటాలు అదురుతున్నాయి. "మేడం, ఇంకొక్క ఛాన్సు! ఇప్పుడు కిటుకు తెలిసింది. ఈసారి కచ్చితంగా వస్తుంది!"

"వద్దు సార్, మీకు దణ్ణం పెడతా! రానివ్వమాకండి!" అని శౌరయ్య కంట్రోలర్ లాగేసుకున్నాడు.

"రామ్మూర్తి గారూ," అంది ఛాయాదేవి నవ్వాపుకుంటూ, "వారం కష్టపడ్డా ఆ వేలు అలా తిరగలేదంటే, జన్మలో ఎప్పుడూ తిరగలేదనేగా! ప్రశంసాపత్రం మీదే. వెళ్లి సుభాని ఫైలు మీద సంతకం పెట్టండి."

"అంటే, నాకు చేతకాలేదు కాబట్టి నేను మంచివాణ్ణా? ఇదెక్కడి న్యాయం మేడం!"

"పదండి ఇంటికి," అంది శాంతకుమారి ఆయన మోచెయ్యి పట్టుకుని. ఆయన సంతకం పెట్టేసి కదిలాడు. దారి పొడుగునా ఆటోలో గొణుగుతూనే ఉన్నాడు.

పంద్రాగస్టున పత్రం వచ్చింది. దానికి అద్దం కట్టించి టీవీ పైన తగిలించారు. దాని కిందే కూర్చుని రామ్మూర్తి ఇప్పటికీ రోజూ ఓడిపోతున్నాడు, రోజూ మండిపడుతున్నాడు. ఇంటికొచ్చిన వాళ్లు ఆ పత్రం నిజంగా వచ్చిందేనా అన్నట్టు చూస్తే, శాంతకుమారి రెండో కంట్రోలర్ వాళ్ల చేతికిచ్చి, "అనుమానమైతే ఒక ఆట ఆడి చూడండి," అంటుంది.