తప్పు కాలు

ఆ ఆదివారం పరదాల టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి ఈత కొలను దగ్గర మూడు రబ్బరు తొడుగులు అప్పజెప్పాలి. తొమ్మిదిన్నరకు పళ్ళ డాక్టరు గది కిటికీలకు పరదాలు తగిలించాలి. పదకొండుకల్లా ఇంటికొచ్చి పడుకోవాలి. మూడింటిలోనూ ఆయన మనసు పెట్టింది మూడోదాని మీదే.

ఈ తొడుగుల బెడద తెచ్చిపెట్టింది బావమరిది. అతను వారమంతా లిఫ్టులు బాగుచేస్తాడు. ఆదివారం మాత్రం ఇద్దరు స్నేహితులతో కలిసి, యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికులకు ఉచితంగా స్కూబా డైవింగ్ నేర్పుతాడు. వీపున గాలి సిలిండరు, నోట్లో గొట్టం, చలి తగలకుండా ఒంటికి అతుక్కునే నల్లరబ్బరు తొడుగు. ఆ తొడుగు దగ్గరే చిక్కొచ్చింది. కాలు లేనిచోట ఖాళీగా వేలాడే రబ్బరులోకి నీళ్ళు దూరి మనిషిని ఒకపక్కకు లాగేస్తాయట. ఆ భాగాన్ని కత్తిరించి మూసి కుట్టాలి.

"రబ్బరు కుట్టే టైలరు ఊరంతా వెతికినా దొరకలేదు బావా. మీరు సోఫాలకి కూడా కుట్టారు కదా!"

"సోఫా లేచి ఈత కొట్టదురా."

"మీ చేతిలో పడ్డాక అదీ కొడుతుంది."

పొగిడినవాణ్ణి కాదనడం టైలరుకు చేతకాదు. ముప్ఫై ఏళ్ళలో తాను వేసిన కుట్టు ఒక్కటి కూడా విప్పాల్సిన అవసరం రాలేదని పాలు పోయడానికి వచ్చినవాడికి కూడా చెప్పుకునే మనిషి ఆయన.

కొలతలిచ్చినవాళ్ళు ముగ్గురు. డ్రైవరు పొట్టిగా, గుండ్రంగా ఉంటాడు, అతనికి ఎడమకాలు మోకాలి కింద లేదు. రేడియోకి కుడిచెయ్యి మోచేతి వరకే ఉంది. సైన్యంలో వైర్‌లెస్ చూసేవాడు గనుక ఆ పేరొచ్చిందని అతనంటాడు, నోరు మూయడు గనుక వచ్చిందని మిగతావాళ్ళంటారు. మూడో ఆయన సార్జెంటు. ఆరడుగుల పైన సన్నటి మనిషి. కుడికాలు లేదు, ఎడమ భుజం ఛాతీ దాటి పైకి లేవదు.

"కుట్టడం మీ పని, తొడుక్కోవడం నా పని" అన్నాడు సార్జెంటు, టేపు తన నడుము చుట్టూ ఉండగానే. "రెండేళ్ళు ఆసుపత్రిలో ఎవరో ఒకరు నాకు చొక్కా తొడిగారు, బొత్తాలు పెట్టారు. ఇక చాలు. ఆ జిప్పు నేను వేసుకోగలిగితే నీళ్ళలోకి దిగుతాను. లేకపోతే గట్టు మీద కూచుని మీ అందరికీ చప్పట్లు కొడతాను."

జిప్పేమో వీపు మీద ఉంటుంది. టైలరు రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని, చివరికి తన వృత్తినే నమ్ముకున్నాడు. సార్జెంటు తొడుగు జిప్పుకు రెండు గజాల పరదా తాడు కట్టాడు. ఎంత ఎత్తు కిటికీకైనా పరదా లాగుతున్నాం, వీపు ఎంత ఎత్తని? ఆ ఉపాయానికి ఆయనకే ముచ్చటేసింది. అప్పుడెప్పుడో ఎవరో వాడి ఇచ్చిన ఆ తొడుగులు కంపు కొడుతుంటే భార్య ఉతికి ఆరేసింది. అవి ఆరాక టైలరు ఒక్క ఊపున మూడూ కత్తిరించి కుట్టేశాడు. వాటిని ఆమె చక్కగా మడతపెట్టి సంచిలో సర్దింది.

ఎనిమిదింటికి కొలను పక్కన బట్టలు మార్చుకునే గదిలో టైలరు సంచి విప్పాడు. మెచ్చుకోలు అందుకోవడానికి మొహం సిద్ధం చేసుకుని, భార్యతో సహా ఒక మూలన నిలబడ్డాడు. ముగ్గురూ తొడుగులు విదిలించి చూశారు. రేడియో కూడా మాట్లాడలేదు.

"నచ్చిందా?" అన్నాడు టైలరు.

సార్జెంటు తొడుగును తన ముందు పట్టుకుని చూపించాడు. ఎడమకాలు మోకాలి పైన నీటుగా, కుట్టు కనపడకుండా మూసి ఉంది. కుడికాలు నిండుగా వేలాడుతోంది.

టైలరు గబగబా నోటుపుస్తకం తీశాడు. అందులో 'సార్జెంటు – కుడి' అని స్పష్టంగా ఉంది. ఆయన పుస్తకాన్ని చూశాడు, మనిషిని చూశాడు, మళ్ళీ పుస్తకాన్ని చూశాడు.

"మీరు కుడికాలనే చెప్పారా? బాగా గుర్తుందా?"

"అయ్యా, ఈ ఒక్క విషయంలో నాకు ఎప్పుడూ అనుమానం రాలేదు" అన్నాడు సార్జెంటు.

డ్రైవరు తొడుగుకు కుడికాలు మూసుకుపోయింది. రేడియోకి ఎడమచెయ్యి. మూడుకు మూడూ తప్పే.

"అదేంటండీ, మీరు తిరగేసినవాటినే కుట్టారా?" అంది భార్య మెల్లిగా. "ఎండకి రంగు వెలవకుండా నేను లోపలివైపు పైకి తిప్పి ఆరేశాను కదా. ఇంట్లో అన్ని బట్టలూ అంతే కదా! మీరు కుట్టాక మళ్ళీ నేనే సరిగ్గా తిప్పి మడతపెట్టాను."

"చెప్పొద్దూ?"

"ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నవారికి ఏది లోపలో ఏది బయటో నేను చెప్పాలా?"

లోపలా బయటా ఒకే నలుపు. కుట్టేటప్పుడు జిప్పు బల్లకు ఆనుకుని కిందుంది. అప్పుడే తడి జుట్టుతో, ఒంటి మీద తన తొడుగుతో బావమరిది లోపలికొచ్చాడు. సంగతి విని తల పట్టుకున్నాడు.

"కొంప మునిగింది బావా! తొమ్మిదింటికి కల్నల్ గారొస్తారు. ఈ కొలను మనకిప్పించింది ఆయనే. శిక్షణ రూల్సు పుస్తకం కూడా ఆయనే రాశారు. రూలు తప్పితే ఆయనకి జ్వరమొస్తుంది."

"ఏం పర్లేదు" అన్నాడు రేడియో, అప్పటికి గొంతు దొరికి. "సార్జెంటుగారిది ఎడమ మూసింది, డ్రైవరుది కుడి మూసింది. ఒకళ్ళది ఒకళ్ళు వేసుకుంటే సరి!"

లెక్క సరిగ్గానే ఉంది. మనుషులే సరిపోలేదు. డ్రైవరు తొడుగులో సార్జెంటు నిటారుగా నిలబడలేక, పోయిన వస్తువేదో నేల మీద వెతుకుతున్నట్టు వంగిపోయాడు. సార్జెంటు తొడుగు డ్రైవరుకు బొడ్డు దాకా వచ్చి ఆగింది. అక్కణ్ణుంచి పైకీ పోలేదు, కిందికీ రాలేదు.

"ఊపిరి బిగబట్టు" అన్నాడు బావమరిది.

"బిగబట్టే ఉన్నా, పొద్దుట్నుంచి."

జారుతుందని షాంపూ పోశారు. ఒక సీసా చాల్లేదు, రెండోది పోశారు. డ్రైవరు బయటికొచ్చాడు గానీ, ఎంత ఊపుగా వచ్చాడంటే, అతన్ని లాగుతున్న బావమరిది వెనక్కి వెనక్కి జారుతూ తలుపు దాటి, గట్టు దాటి, చంకలోని హాజరు పట్టికతో సహా కొలనులో పడ్డాడు. గట్టు మీది నురగంతా అతని వెంటే నీళ్ళలోకి పోయింది. హాజరు పట్టిక ఒకటే పైకి తేలి, కాసేపు ఒంటరిగా తిరిగింది.

"పోనీ, మా అక్క చేసినట్టే తిరగేసి వేసుకుంటే?" అన్నాడతను పైకి తేలుతూ.

"అప్పుడు జిప్పు లోపలికి పోతుంది. లాగడానికి లోపల ఇంకో మనిషి కావాలి" అన్నాడు సార్జెంటు.

అని, చంకకర్రలు అందుకున్నాడు. మొహంలో కోపం లేదు. కోపం ఉంటే టైలరు కాళ్ళమీద పడి ఉండేవాడు. ఇలాంటివి బాగా అలవాటైపోయిన మనిషిలా సార్జెంటు తొడుగును బల్ల మీద పెట్టి, పరదా తాడును నీటుగా చుట్టి దానిమీద ఉంచాడు.

"శ్రమ పడ్డారు. మరోసారి చూద్దాం లెండి" అన్నాడు.

డ్రైవరు కూడా బెంచీ మీద కూలబడ్డాడు. సార్జెంటు దిగకపోతే మిగతా ఇద్దరూ దిగరని అందరికీ తెలుసు. టైలరుకు ఏడుపొక్కటే తక్కువ. రెండేళ్ళ తర్వాత ఒక మనిషి తనంతట తాను ఒక పని చేస్తానని అడిగాడు. కుట్టు కనపడకుండా కుట్టిన ఘనత కోసం తాను దాన్ని చెడగొట్టాడు.

"మన చిన్నాడు అయిదో ఏడొచ్చేదాకా నిక్కరు ఎప్పుడూ వెనకది ముందుకే వేసుకునేవాడు" అంది భార్య ఉన్నట్టుండి.

"ఇప్పుడు వాడి గొడవెందుకే!"

"అలా వేసుకున్నప్పుడల్లా కుడికాలు ఎడమలోకి పోయేది కదండీ."

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. రేడియో తొడుగును గాల్లోకి ఎత్తి అటుదిటు తిప్పాడు. మూసిన ఎడమచెయ్యి కుడివైపుకొచ్చింది. "అమ్మా, మీరు సైన్యంలో చేరాల్సింది" అన్నాడు.

సార్జెంటు కర్రలు గోడకు ఆనించి, బెంచీ మీద కూచుని తొడుగు వెనకది ముందుకు తిప్పి వేసుకోవడం మొదలుపెట్టాడు. సాయానికి వంగబోయిన బావమరిదిని కళ్ళతోనే ఆపాడు. కాలు సరిపోయింది. చేతులు దూరాయి. అప్పుడు టైలరుకు కనపడింది: జిప్పు సార్జెంటు బొడ్డు దగ్గర, కుడిచేతికి అందేట్టు, ఎదురుగా ఉంది.

సార్జెంటు దాన్ని పట్టుకుని జర్రుమని గొంతు దాకా లాగాడు. తర్వాత కిందికి దించి, మళ్ళీ లాగాడు. మూడోసారి కూడా లాగాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. టైలరు మాత్రం గోడకున్న గడియారాన్ని అదేపనిగా చూస్తూ కళ్ళు తుడుచుకున్నాడు.

సరిగ్గా తొమ్మిదింటికి కల్నల్ గారు వచ్చారు. తెల్ల మీసం, చంకలో సంచి, మెళ్ళో విజిల్. రాగానే కొలను వంక చూశారు.

"ఆ నురగేంటి?"

"మాస్కు అద్దాలు మసక పట్టకుండా షాంపూ రాస్తాం సార్" అన్నాడు బావమరిది.

"రెండు సీసాలా?"

"బాగా కనపడాలని సార్."

కల్నల్ గారు వరసలో నిలబడ్డ ముగ్గురినీ పైనుంచి కిందికి చూశారు. "జిప్పులు ముందుకున్నాయేం?"

టైలరు నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. బావమరిది అంతకన్నా ముందే తెరిచాడు. "కొత్త పద్ధతి సార్. ఎవరి జిప్పు వాళ్ళే వేసుకోవాలని."

"బాగుంది. మరి నీది వెనకెందుకుంది?"

బావమరిది వీపు తడుముకున్నాడు. "నేను... పాత బ్యాచి సార్."

"నేర్పేవాడు పాత పద్ధతిలో, నేర్చుకునేవాడు కొత్త పద్ధతిలోనా? పోయి మార్చుకో! నీతో కలిసి నేర్పే ఆ ఇద్దరూ కూడా!"

అయిదు నిమిషాల్లో ముగ్గురు శిక్షకులు వెనకది ముందుకు వేసుకుని వచ్చారు. మోకాళ్ళకు వేసిన దళసరి రబ్బరు ముక్కలు మోకాళ్ళ వెనక్కి పోయి, కాళ్ళు మడవలేక వాళ్ళు బాతుల్లా నడుస్తున్నారు. వెనక పిరుదుల కోసం వదిలిన జాగా బావమరిది బొజ్జకు అచ్చంగా సరిపోయింది. తన జన్మలో ఇంత హాయైన తొడుగు వేసుకోలేదని అతను తర్వాత ఒప్పుకున్నాడు. కల్నల్ గారు తన సంచిలోంచి సొంత తొడుగు తీశారు. కొత్త పద్ధతి అన్నాక తానూ పాటించాల్సిందేగా! జిప్పు లాగితే మీసం కొస అందులో చిక్కుకుంది. రూలు పుస్తకంలో లేని రెండు మాటలు కొలనంతా మార్మోగాయి. రేడియో ఒక్క చేత్తో చక్కగా విడిపించాడు.

అప్పుడు అందరూ నీళ్ళలోకి దిగారు. టైలరు గట్టు అంచున మోకాళ్ళమీద కూచుని చూశాడు. నురగ పక్కకు జరిగినచోట, నీలిరంగు అడుగున, సార్జెంటు ఏ ఆధారం లేకుండా నిలిచి ఉన్నాడు. కర్రలు గట్టు మీద ఉండిపోయాయి. కిందున్న మనిషికి వాటితో పనే లేదు. బుడగలు ఒక వరసలో పైకి వస్తున్నాయి. పక్కన డ్రైవరు గుండ్రంగా దొర్లుతున్నాడు. రేడియో నోట్లో గొట్టం పెట్టుకుని కూడా ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. ఎంత సంతోషమేసిందంటే, టైలరు పళ్ళ డాక్టరును పూర్తిగా మర్చిపోయాడు.

పైకొచ్చాక సార్జెంటు తన జిప్పు తానే విప్పి, ఆ రెండు గజాల తాడును టైలరు చేతిలో పెట్టాడు. "ఇది ఏ కిటికీకైనా వాడుకోండి. నాకు అక్కర్లేదు" అని, ఆ ఉదయం మొదటిసారి నవ్వాడు.

ఆ నవ్వు చూశాక టైలరు అబద్ధం మోయలేకపోయాడు. మీసం సవరించుకుంటున్న కల్నల్ గారి దగ్గరికి వెళ్ళి, ఆరేసిన దగ్గర్నుంచి అంతా కక్కేశాడు. బావమరిది మాస్కు తొడుక్కుని మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళిపోయాడు. కల్నల్ గారు విజిల్ చేత్తో తిప్పుతూ సార్జెంటును చూశారు, కొలనును చూశారు, ఏమీ అనకుండానే వెళ్ళిపోయారు.

మంగళవారం టైలరు కొట్టుకు ఇరవై తొడుగులూ, వాటితో ఒక కాగితమూ వచ్చాయి. కింద కల్నల్ గారి సంతకం, ముద్ర. 'కుడికాలు లేనివారికి ఎడమకాలును, ఎడమకాలు లేనివారికి కుడికాలును మూసి కుట్టవలెను. చేతులకు సైతం ఇదే వర్తించును. సరిగ్గా కుట్టినవి తిప్పి పంపబడును.'

టైలరు కత్తెర పట్టుకుని రోజంతా ప్రయత్నించాడు గానీ, ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న చెయ్యి కావాలని తప్పు కత్తిరించడానికి ఒప్పుకోలేదు. చివరికి సాయంత్రం ఇరవై తొడుగులూ తీసుకెళ్ళి భార్యకిచ్చి, ఒక్కసారి ఉతికి ఆరేయమన్నాడు.